గీత మీదే కత్తిరించిన పిల్ల

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లో వాళ్లకు తెలుసు, జగిత్యాల నుంచి కోరుట్లకు నేను రోజూ ఎక్కే బస్సు కండక్టర్లకు తెలుసు. కోరుట్లలో మా సెంటరుకు వచ్చే పిల్లలకైతే మొదటి వారంలోనే తెలిసిపోతుంది. బడి మధ్యలో మానేసిన పదహారు, పదిహేడు, పద్దెనిమిదేళ్ల ఆడపిల్లలకు పొద్దున కుట్టుపని, మధ్యాహ్నం చదువు నేర్పే సెంటరు అది. ఒక్కో బ్యాచికి మూడు నెలలు. కుట్టుపనికి జగిత్యాలలోనే నలభై ఏళ్లు టైలరు దుకాణం నడిపిన ఒక పెద్దాయన మాస్టారు. చదువు నా వంతు. "అయిదేండ్లు బడికి పోయి 'క'కు గుడి ఎట్ల పెడ్తరో తెల్వదా? ఆడ ఈగలు తోలినవా?" అని నేను అరిస్తే పక్క గదిలో మిషన్ల చప్పుడు ఆగిపోయేది. పిల్లలు ఏడ్చేవాళ్లు, నన్ను చాటుగా తిట్టుకునేవాళ్లు, మర్నాటికి కసితో నేర్చుకుని వచ్చేవాళ్లు. నా పద్ధతి అంతే అని నేనూ గర్వంగానే ఉండేదాన్ని.

ఒక్క పిల్లను మాత్రం ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా తిట్టలేదు.

ఆ పిల్లది మేడిపల్లి. ఎనిమిదో తరగతిలో బడి మాని, నాలుగేళ్లుగా ఇంట్లో అమ్మతో కలిసి బీడీలు చేస్తోంది. నాన్న కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. నడుముకు దెబ్బ తగిలాక ఎక్కడం మానేసి, దొరికిన రోజు దొరికిన పనికి పోతున్నాడు. పిల్లను చేర్పించడానికి అమ్మే వెంట వచ్చింది. కాగితాలు నా చేతిలో పెడుతూనే ఖరాఖండిగా చెప్పేసింది.

"మూడు నెల్లంటె మూడు నెల్లే మేడం. ఇద్దరం కూసుంటెనే కార్ఖానోళ్లు అడిగినన్ని కట్టలైతయి. మూడు నెల్లకు సిరిసిల్లల కొలువు దొరికితె మంచిదే. దొరకకపోతె అచ్చి నా పక్కపొంటి చాట వట్టుకొని కూసోవాలె. అటెన్క దాని మాట నేను వినను, మీ మాట గూడ వినను."

చాట అంటే తెలియని వాళ్లు మా వైపు ఉండరు. ఒళ్లో చాట పెట్టుకుని, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు పోసుకుని, పొద్దున్నుంచి మెడ వంచి బీడీలు చుట్టడమే ఆ పని. ఒకసారి పట్టుకుంటే కళ్లు మసకబారేదాకా దించరు. ఆ పిల్ల దాన్ని దించాలనే వచ్చింది. సిరిసిల్లలో రెడీమేడ్ బట్టలు కుట్టే ఒక యూనిట్ మూడు నెలలకోసారి పరీక్ష పెట్టి, మా దగ్గర నేర్చుకున్న వాళ్లను తీసుకునేది. పద్దెనిమిది నిండి ఉండాలి. కుట్టు రావాలి, కార్డు మీద రాసింది చదివి దాని ప్రకారం పని చేయడం రావాలి. ఆ పిల్లకు పద్దెనిమిది నిండి నెలే అయింది.

మొదటి రోజే ఆ పిల్ల రాత చూసి నేను మురిసిపోయాను. ముత్యాలు పేర్చినట్టే. నేను బోర్డు మీద రాసింది రాసినట్టు, తలకట్లు తలకట్లే, వత్తులు వత్తులే. ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల కదా అని బాగా చదివే వాళ్ల బెంచి మీద కూర్చోబెట్టాను. మూలన ఒక బెంచి ఉండేది, అసలు అక్షరాలు రాని వాళ్ల కోసం. అందులో వెల్గటూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరూ, సారంగాపూర్ పిల్ల ఒకతీ. నా తిట్లలో సగం ఆ బెంచికే పోయేవి.

నాలుగో వారంలో జిల్లా నుంచి ఆఫీసర్లు వచ్చారు. మా సెంటరును ఇంకో ఏడాది నడపాలా వద్దా అని చూడటానికి. నేను ఆ పిల్ల నోటుపుస్తకం తీసి వాళ్ల ముందు పెట్టాను. "నాలుగేండ్లు పుస్తకం ముట్టని పిల్ల సార్. మూడు వారాలల్ల గిట్ల తయారుజేసినం" అన్నాను. వాళ్లు ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. మా కోఆర్డినేటరు ముఖం వెలిగిపోయింది. నా ముఖం గురించి చెప్పక్కర్లేదు.

రెండు రోజుల తర్వాత అదే పుస్తకం దిద్దుతున్నాను. పాఠం వ్యవసాయ పనిముట్ల గురించి. "నాగలితో దున్నుతారు. గొర్రుతో విత్తుతారు" అని రాసి, దాని కింద అంతే అందంగా "రేపు గ్యాస్ బుక్ చేయాలి" అని రాసింది. ఆ కింద "కొడవలితో కోస్తారు."

ముందు నవ్వొచ్చింది. గ్యాస్ సంగతి మర్చిపోతానని బోర్డు మూలన నాకోసం నేను రాసుకున్న మాట అది. అంతలోనే ఒకటి తట్టింది. చదివిన వాళ్లెవరూ దాన్ని పాఠం మధ్యలో రాయరు.

అందరూ వెళ్లాక ఆ పిల్లను ఆగమన్నాను. పుస్తకం తెరిచి ముందు పెట్టి, చదవమన్నాను. ఆ పిల్ల వేలు పెట్టి గడగడా చదివింది. ఎక్కడా తడబడలేదు. ఆ పాఠం అంతకుముందు నలుగురు పైకి చదివారు మరి, విని పట్టేసుకుంది. నేను పేజీ తిప్పి ఎవరూ చదవని పాఠం చూపించాను. వేలు మొదటి మాట కింద పెట్టింది. తర్వాత పుస్తకం వైపు కాకుండా నా ముఖం వైపు చూడటం మొదలుపెట్టింది. నా కనుబొమ్మలు, నా పెదాలు, ఎక్కడైనా ఏదైనా దొరుకుతుందేమోనని. ఆ చూపుతోనే నాకు అర్థమైపోయింది.

"ఎప్పటిసంది?" అన్నాను.

"మూడో తరగతిల ఉన్నప్పుడు యాడాది పూర బడికి పోలె మేడం. తమ్మున్ని వట్టుకొని ఇంట్లున్న. మల్ల పోయెటాళ్లకు అందరు చదువుతున్నరు. నాకు రాదని ఎట్ల జెప్పాలె? బోర్డు మీద ఏముంటె గది గీసెటిదాన్ని. సారు నోట్సు జూసి గుడ్ అని రాసెటోడు." పుస్తకం మూసేసి, "ఎవలకు జెప్పకుండ్రి మేడం. అమ్మకు తెలిస్తె గీ దినమే తీస్కపోతది" అంది.

ఇంకా తొమ్మిది వారాలు ఉన్నాయి. ఈ లెక్క నేను అప్పుడే వేసుకున్నాను, అందుకే ఇప్పుడు తప్పించుకోలేను. తొమ్మిది వారాల్లో మూల బెంచి పిల్లలు అక్షరాల దగ్గర మొదలుపెట్టి బస్సు బోర్డులు చదివే దాకా వచ్చారు. ఆ పిల్ల వాళ్లకంటే చురుకైనది. మర్నాడు ఆమెను ఆ బెంచికి మార్చి ఉంటే సరిపోయేది. కాని మారిస్తే ఎందుకు మార్చావని అందరూ అడుగుతారు. ఆ పిల్ల పుస్తకం ఫొటోలు జిల్లా ఆఫీసుకు పోయి రెండు రోజులే అయింది. అక్షరం రాని పిల్లను చూపించి ఆఫీసర్ల చేత చప్పట్లు కొట్టించుకున్నదని నన్ను చూసి నలుగురూ నవ్వుతారు. నవ్వితే నేను తట్టుకోలేను. ఊళ్లో అందరినీ తిట్టేవాళ్ల సంగతంతా ఇంతే, వాళ్లను ఒక మాట అంటే చాలు ఒళ్లు మండిపోతుంది.

"ఎవలకు జెప్పను. నువ్వు గూడ జెప్పకు" అన్నాను. ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చేతులు వెనక్కి లాక్కోలేదు.

అప్పటి నుంచి తరగతిలో ఆ పిల్లను చదవమని పిలవడం మానేశాను. వారానికి రెండు మూడుసార్లు విడిగా కూర్చోబెట్టి కాస్త నేర్పుదామనుకున్నాను. రెండుసార్లు కూర్చోబెట్టాను కూడా. తర్వాత ఏదో పని, ఏదో మీటింగు. అడుసు తొక్కాను, కాలు కడుక్కోవడం రేపు చూద్దామనుకుంటూ రోజులు గడిపాను.

పరీక్షకు రెండు వారాల ముందు సిరిసిల్ల నుంచి నమూనా కార్డు వచ్చింది. ఆరు లైన్లు. ఎన్ని ముక్కలు కత్తిరించాలి, కాలరుకు ఏ బట్ట, గుండీలు ఎన్ని, ఇలాంటివి. నాలుగో లైను ఇది: "అట్ట నమూనాలోనే కుట్టుకు వదలాల్సిన బట్ట కలిపి ఉంది. గీత మీదే కత్తిరించాలి." పరీక్షలోనూ ఇదే వస్తుందనుకుని నేను ఆ పిల్లను కూర్చోబెట్టి ఆరు లైన్లూ బట్టీ పట్టించాను. ఏ లైను దగ్గర వేలు ఎంతసేపు ఉండాలో కూడా నేర్పాను. దొంగకు తాళం ఎలా తీయాలో నేర్పినట్టే.

కుట్టు మాస్టారుకు ఇవేవీ తెలియవు. కాని ఆయనకు ఆ పిల్ల కత్తెర మీద ఒక అనుమానం ఉండేది. బీడీ ఆకు కత్తిరించేటప్పుడు ఆకు మీద రేకు ముక్క పెట్టి, దాని అంచును ఒరుసుకుంటూ కత్తెర నడుపుతారు. ఒక ఆకులోంచి ఎన్ని ముక్కలు తీయగలిగితే అంత. కార్ఖాన వాళ్లు తూచి ఇచ్చిన ఆకు తక్కువ పడితే ఆ తంటా ఇంటివాళ్లదే. అందుకే గోరంత ఆకు కూడా పోనివ్వరు. ఆ పిల్ల బట్టనూ అలాగే కత్తిరించేది. మాస్టారు సుద్దతో గీసిన గీత మీద ఎక్కడా వెంట్రుకంత తేడా రాకుండా. ఆయన ఎప్పుడూ కుట్టుకు అర అంగుళం కలుపుకునే గీసిచ్చేవాడు కాబట్టి ఏమీ చెడిపోయేది కాదు.

"బీడీలు జేసే పిల్లలందరికి గిదే బీమారి మేడం. బట్ట వదలాలంటె పానం పోయినట్టు జేస్తరు. చెప్పంగ చెప్పంగ మిగతోళ్లు మారిండ్రు. గీ పిల్ల మాత్రం గీత మీద కండ్లు మూసుకొని నడుస్తది. రేపు గీతనె తప్పయితె?" అన్నాడు ఒకరోజు టీ తాగుతూ.

"మీరు మంచిగ నేర్పిండ్రు గద, గట్లెందుకైతది" అని నేను మాట తప్పించాను.

పరీక్ష రోజు పద్దెనిమిది నిండిన పన్నెండు మంది పిల్లల్ని తీసుకుని నేనూ మాస్టారూ సిరిసిల్ల బస్సు ఎక్కాం. వేములవాడ దాటేదాకా పిల్లలు కేరింతలు కొడుతూనే ఉన్నారు. ఆ పిల్ల మాత్రం కిటికీ పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ వచ్చింది. ఆరు లైన్లు వల్లెవేసుకుంటోందని నాకొక్కదానికే తెలుసు. సిరిసిల్లలో దిగాక వీధి వీధంతా మగ్గాల చప్పుడు. ఒక పిల్ల, "గీ సప్పుడుల ఎట్ల పండుకుంటరు మేడం?" అని అడిగింది. మామూలుగా అయితే నవ్వేదాన్ని.

యూనిట్ ఊరి చివర. పెద్ద హాలు, వరసగా మిషన్లు, ముందు పొడుగాటి బల్లలు. నన్నూ మాస్టారునీ గాజు తలుపు ఇవతల కుర్చీల్లో కూర్చోమన్నారు. బయటి నుంచి ఎవరైనా సైగ చేసి చెబితే సెంటరు మొత్తాన్నీ వెనక్కి పంపించేస్తామని సూపర్‌వైజర్ ముందే గట్టిగా చెప్పాడు. ఆయన ఆ ఊరివాడే, మగ్గాల దగ్గర పెరిగినవాడు, కఠినంగా కనిపించినా మాట సూటిగా ఉండేది. ఒక్కొక్కరికి బట్ట, అట్ట నమూనాలు, కార్డు ఇచ్చారు. చిన్నపిల్లల బడి చొక్కా ఒకటి కత్తిరించి కుట్టి ఇవ్వాలి.

ఆ పిల్ల కార్డు చేతిలోకి తీసుకుంది. నేర్పినట్టే వేలు పెట్టి లైను లైనుకూ జరిపింది. తర్వాత తలెత్తి గాజులోంచి నా ముఖం చూసింది. ధైర్యంగా ఉండు అన్నట్టు తల ఊపాను. ఆ పిల్ల మొహం తేటపడింది. అట్ట నమూనా బట్ట మీద పెట్టి సుద్దతో గీత గీసుకుంది.

అప్పుడు మాస్టారు నా మోచేతిని తట్టాడు. "మేడం, మిగతా పిల్లలు రెండో గీత గీస్తున్నరు."

చూశాను. పక్క బల్ల దగ్గర పిల్ల నమూనా చుట్టూ ఒక గీత గీసి, టేపు పెట్టి కొలిచి, దాని బయట ఇంకో గీత గీస్తోంది. దాని పక్క పిల్ల కూడా. మూల బెంచి నుంచి వచ్చిన సారంగాపూర్ పిల్ల, నేను అందరికంటే ఎక్కువ తిట్టిన పిల్ల, కార్డు మీద ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ ఆలస్యంగానైనా అదే పని చేస్తోంది. కార్డు మారింది. ఈ నమూనాలో కుట్టుకు వదిలే బట్ట కలపలేదు, బయట అర అంగుళం వదిలి కత్తిరించాలి. నాలుగో లైనులో అదే రాసి ఉంటుంది.

ఆ పిల్ల కత్తెర తీసుకుంది.

నా చేయి గాజు వైపు లేచింది. ఒక్కసారి తట్టితే చాలు. తడితే పన్నెండు మందీ వెనక్కి పోతారు. తట్టకపోతే ఈ పిల్ల మేడిపల్లిలో చాట ముందుకు పోతుంది. చేయి గాలిలోనే ఉండగా కత్తెర మొదటి మలుపు తిరిగేసింది. గీత మీదే. ఎంత నున్నగా కోసిందంటే, ఎవరైనా చూస్తే ముచ్చటపడతారు. చేయి దించి ఒళ్లో పెట్టుకున్నాను. మాస్టారు ఒకసారి నా వైపు చూసి మళ్లీ గాజు వైపు తిరిగాడు.

గంట తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచారు. బల్ల మీద పన్నెండు చొక్కాలు. ఆ పిల్లది చూస్తే తెలిసిపోయింది. కుట్టు లోపలికి పోగా మెడ పెద్దదైంది, కాలరు చిన్నదైంది. ఎంత లాగినా కాలరు మెడకు అందడం లేదు. సూపర్‌వైజర్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"కత్తెర పని మస్తున్నది. పదేండ్ల సంది జేసేటోళ్లకు గూడ గింత సాఫుగ రాదు. కని కుట్టుకు బట్ట వదలమని కార్డు మీద ఉన్నది గద. ఎందుకు వదల్లేదు? ఒకసారి చదువు."

ఆ పిల్ల కార్డు తీసుకుంది. మొదటి లైను, రెండో లైను, మూడో లైను, వేలు సరిగ్గా కదిలింది. నాలుగో లైను దగ్గర, "గీత మీదే కత్తిరించాలి" అంది.

"ఏడ ఉన్నది గట్ల?"

ఆ పిల్ల మళ్లీ చెప్పింది. ఈసారి మెల్లగా. హాలులో మిషన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. పదకొండు మంది పిల్లలూ చూస్తున్నారు. ఆ పిల్ల తలెత్తి నా ముఖంలో వెతికింది. నేను తల దించుకుని నా చెప్పుల వైపు చూశాను.

"నాకు చదువు రాదు సార్."

సూపర్‌వైజర్ నా వైపు తిరిగాడు. నన్నే అడిగాడు. "మేడం, మీకు తెల్వదా?"

నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల అంది. "మా మేడంకు తెల్వది సార్. నేనే దాచిపెట్టిన."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తెలుసు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట నాలుక మీదకు వచ్చింది, అక్కడే ఉండిపోయింది. సూపర్‌వైజర్ ఆ పిల్ల చొక్కా బల్ల మీద పెట్టి, "చెయ్యి మంచిగున్నది నీది. మల్ల మూడు నెల్లకు తీసుకుంటం. చదువు నేర్చుకొని రా" అన్నాడు.

తొమ్మిది మందిని తీసుకున్నారు. తిరుగు బస్సులో ఆ తొమ్మిది మంది గట్టిగా మాట్లాడటానికి కూడా మొహమాటపడ్డారు. ఆ పిల్ల ముందు సీట్లో ఒక్కతే కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చోవచ్చు. కూర్చోలేదు. కోరుట్లలో దిగినప్పుడు, "పోయొస్త మేడం" అంది, ఎప్పటిలాగే. మర్నాడు మా కోఆర్డినేటరు పన్నెండుకు తొమ్మిది అంటే గొప్పే అని మిఠాయి తెప్పించాడు. నా వంతు మిఠాయి డబ్బాలోనే వదిలేశాను.

నేను రోజూ ఎక్కే జగిత్యాల బస్సు మేడిపల్లి మీదుగానే పోతుంది. ఆ వారమంతా ఆ ఊరు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి చూడకుండా ఫోను చూసుకున్నాను. ఆదివారం నా మీద నాకే అసహ్యం వేసి, పనిగట్టుకుని బస్సెక్కి మేడిపల్లిలో దిగాను.

వాకిట్లో ఇద్దరూ రెండు చాటలతో కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల ఒళ్లో చాట చూడగానే వెనక్కి తిరిగి పోదామనిపించింది. అమ్మ మాత్రం నన్ను చూసి లేచినంత పని చేసింది.

"రాండ్రి మేడం, కూసోండ్రి. నా బిడ్డ అంత జెప్పింది. దానికి చదువు రాదని మీకు ముందుగాలనె తెల్సినా, దాని ఇజ్జత్ పోవద్దని కడుపుల వెట్టుకున్నరట గద. ఈ కాలంల గసోంటి పంతులమ్మ ఏడ దొరుకుతది?"

నాలుగు చెంపదెబ్బలు కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఆ పిల్ల తల వంచి బీడీ చుడుతూనే ఉంది. ఆ పిల్ల అలాగే నమ్ముతోంది. సిరిసిల్లలో నన్ను కాపాడింది అందుకే.

"కాదు" అన్నాను. "నీ ఇజ్జత్ కోసం కాదు. నీ పుస్తకం ఆఫీసర్లకు చూపించి గొప్పలు చెప్పుకున్న. నీకు చదువు రాదని తెలిస్తె నన్ను జూసి నవ్వుతరని దాచిన. నా ఇజ్జత్ కోసం దాచిన."

దారం ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి.

"మూల బెంచి పిల్లలకు అచ్చింది" అంది ఆ పిల్ల, కోపంతో. "నాకంటె ఎన్క మొదలువెట్టినోళ్లకు అచ్చింది. వాళ్లను రోజు తిట్టిండ్రు మీరు. నన్ను ఒక్కనాడన్న ఎందుకు తిట్టలె?"

అమ్మ అప్పటికి అర్థం చేసుకుంది. ఆమె మొహం మారిపోయింది. "అయితె ఇగ చాలు మేడం. మూడు నెల్లన్న, అయిపోయినయి. మీరు పోండ్రి" అంది.

"నేను నేర్పుత" అన్నాను. "ఆదివారం ఆదివారం అచ్చి నేర్పుత. వచ్చే పరీక్షకల్ల..."

"ఆదివారం అస్తె కాదు" అంది ఆ పిల్ల. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. "రోజు రావాలె."

"కట్టలెవలు జేస్తరు?" అని అమ్మ గయ్యిమంది.

"చేతులు ఆగయి అమ్మ. చుట్టెటందుకు కండ్లు ఎందుకు? కండ్లు ఖాళీగనె ఉన్నయి గద."

మర్నాటి నుంచి సాయంత్రం బస్సు దిగి ఆ వాకిట్లో కూర్చున్నాను. ఆ పిల్ల చేతులు ఆగేవి కావు. పుస్తకం ఎదురుగా ఇటుకకు ఆనించి పెట్టేది, నేను పేజీ తిప్పేదాన్ని. రాయడం ఎలాగూ వచ్చు. చేతికి తెలిసిన అక్షరాన్ని నోటికి తెలిసేలా చేయడమే మిగిలింది, అదే కష్టం. తప్పు చదివితే తిట్టాను. గట్టిగా తిట్టాను. "కండ్లు ఖాళీగున్నయన్నవ్, ఏడ వెట్టినవ్ గా కండ్లు?" మొదటి రోజు అమ్మ లేచి నా మీదకు వచ్చింది. ఆ పిల్లే చేయి అడ్డుపెట్టింది.

నెలన్నర తర్వాత ఒకరోజు పుస్తకం వదిలేసి ఎదురింటి గోడ వైపు చూస్తూ, "బో...ర్లు వే...య...బడును" అని చదివింది. ఎవరూ చూపించలేదు, ఎవరూ ముందు చదవలేదు. నేను బిగుసుకుపోయాను. ఆ పిల్ల మాత్రం చిరాకుపడింది. "గిదేనా గా గోడ మీద ఉన్నది? చిన్నప్పటిసంది ఏమో అనుకున్న." అమ్మ పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఇంకా వేగం లేదు, పెద్ద మాటల దగ్గర ఆగిపోతోంది, పరీక్ష దగ్గరికి వస్తోంది. రోజులు లెక్కపెట్టుకుంటూ నాకు కడుపు మండేది. ఆ తొమ్మిది వారాలు నేను తినకుండా ఉంటే ఈ పిల్లకు ఇంత ఉరుకులు ఉండేవి కావు.

పరీక్ష ముందు రోజు, పొద్దున ఎన్ని గంటల బస్సుకు పోదామని అడిగాను.

"మీరు రావద్దు మేడం" అంది.

"ఎందుకు?"

"మీరుంటె మీ మొఖమే జూస్త. కార్డు జూడ."

బాధ కలిగిందని ఒప్పుకుంటాను. తోడుగా వెళ్లి, అక్కడే సూపర్‌వైజర్ ముందు నిలబడి, పోయినసారి మింగిన మాట కక్కేద్దామని అనుకున్నాను. ఆ పిల్లకు నా ఒప్పుకోలుతో పని లేదు. నేను పక్కన లేకపోవడంతో పని ఉంది. సరే అన్నాను.

మర్నాడు సెంటరులో కొత్త బ్యాచికి పాఠం చెబుతూ ఒక మాటకు రెండుసార్లు తప్పు గుణింతం రాశాను. ఫోను టేబుల్ మీదే పెట్టుకున్నాను. పన్నెండయింది, రెండయింది. మూడింటికి మోగింది. ఎత్తాను. ఆ పిల్ల కాదు, అమ్మ.

"తీసుకున్నరట మేడం. కార్డు మొత్తం చదివిందట. ఒక్క మాట కాడ ఆగిందట, ఆగి సారునే అడిగిందట, గిదేందని. ఇప్పుడే ఫోన్ జేసి చెప్పింది."

"నాకు చెప్పమన్నదా?" అని అడిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను.

"లేదు మేడం. నేనే చేసిన."